కొత్త లేబర్ కోడ్‌ల మీద యూనియన్ల గొడవ ఏంటి? మస్టర్ రోల్ లెక్క తెలిస్తే సగం అర్థమైనట్టే

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మీ ఫ్యాక్టరీలో పర్మినెంట్ వాళ్ళు 240 మంది, కాంట్రాక్ట్ వాళ్ళు దాదాపు 400 మంది. హెచ్‌ఆర్ వాళ్ళు మీటింగ్ పెట్టి కొత్త కోడ్‌లు మొత్తం కార్మికుల మేలు కోసమే అన్నారు, అపాయింట్‌మెంట్ లెటర్లు, ఏడాదికే గ్రాట్యుటీ, ఉచిత మెడికల్ చెకప్ అని స్లైడ్లు చూపించారు. గేటు దగ్గర మీ యూనియన్ వాళ్ళేమో ఇవి బానిసత్వపు చట్టాలు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, మన మీద నిజంగా పడేది ఏంటి అని.

నేను 1984లో బాలానగర్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీ మెషిన్ షాపులో చేరి 2019లో రిటైరయ్యాను. అందులో 16 ఏళ్ళు యూనియన్ ఆఫీసు బాధ్యతల్లో ఉన్నాను. ఏ జెండానో చెప్పను, చెబితే కింద చర్చంతా దాని మీదకే పోతుంది. నేను లాయర్ని కాదు, కానీ లేబర్ ఆఫీసు బెంచీల మీద కూర్చుని కూర్చుని కొంత తెలిసింది.

హెచ్‌ఆర్ చెప్పింది అబద్ధం కాదు, యూనియన్ చెప్పిందీ అబద్ధం కాదు. హెచ్‌ఆర్ చూపించినవి చట్టంలో ఉన్న హక్కులు. యూనియన్ గొడవ ఆ చట్టం ఎవరికి వర్తిస్తుంది అన్న గీత గురించి. మన దేశపు కార్మిక చట్టాల్లో అసలు లోపం పాత రోజుల నుంచీ అక్కడే ఉంది. హక్కు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది వర్తించడానికి కావలసిన తలకాయల సంఖ్య ఎక్కడో ఒక మూల ఉంటుంది.

ముందు నేపథ్యం క్లుప్తంగా. 29 కేంద్ర చట్టాలను కలిపి నాలుగు కోడ్‌లు చేశారు. వేతనాల కోడ్ 2019లో వచ్చింది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత - ఈ మూడూ 2020 సెప్టెంబరులో కరోనా మధ్యలో, ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉన్న రోజుల్లో పాసయ్యాయి. ఐదేళ్ళు అలా పడి ఉండి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. యూనియన్ల మొదటి కోపం విషయం మీద కాదు, ఈ పద్ధతి మీద. ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ అని ఒకటి స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉంది. అది 2015 జులైలో జరిగాక, ఈ నాలుగు కోడ్‌లు రాసి పాస్ చేసే దాకా మళ్ళీ ఒక్కసారీ పిలవలేదు. ఇంటి పంపకాలు చేసేటప్పుడు ఒక అన్నదమ్ముడిని పిలవకుండా కాగితం రాసేస్తే ఆ కాగితం ఎంత బాగున్నా వాడు ఒప్పుకుంటాడా?

ఇక మీ 240 మంది సంగతి.

పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఐదో-బి అధ్యాయం అని ఒకటి ఉండేది. ఎమర్జెన్సీలో, 1976లో తెచ్చారు. వంద మంది, అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో లేఆఫ్ (పని లేదని కొంతకాలం పక్కన పెట్టడం) చెయ్యాలన్నా, మనుషుల్ని తీసెయ్యాలన్నా, మొత్తం మూసెయ్యాలన్నా ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సరదా ఏంటంటే మొదట ఆ సంఖ్య 300 గానే ఉండేది, 1982 సవరణతో 100కి దించారు. ఇప్పుడు కొత్త కోడ్ మళ్ళీ 300 చేసింది. అంటే మీ కంపెనీ నిన్నటిదాకా ఆ రక్షణలో ఉంది, ఇప్పుడు లేదు. 60 రోజుల ముందు నోటీసిచ్చి, సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్కగట్టి ఇచ్చి తాళం వెయ్యొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

'మా దగ్గర మొత్తం 640 మంది ఉన్నాం కదా' అంటావు. అక్కడే ఉంది కిటుకు. మేనేజ్‌మెంట్ లెక్క ఎప్పుడూ మస్టర్ రోల్ మీదే, అంటే కంపెనీ సొంత కార్మికుల పేర్లున్న హాజరు పట్టీ మీదే ఉంటుంది. ఆ 400 మంది కాంట్రాక్టర్ మనుషులు, వాళ్ళ లెక్క వేరు అంటుంది. కాదు, మా మనుషులే అని తేల్చాలంటే కేసు వెయ్యాలి, తేలేసరికి నువ్వు రిటైరవుతావు. పైగా ఆ సెక్షన్‌లో 300 'లేదా ప్రభుత్వం నోటిఫై చేసే అంతకన్నా ఎక్కువ సంఖ్య' అని రాశారు. అంటే రేపు ఏ ప్రభుత్వమైనా పార్లమెంటుకో అసెంబ్లీకో పోకుండా ఒక నోటిఫికేషన్‌తో 500 అనొచ్చు, 1000 అనొచ్చు. యూనియన్లు 300 కన్నా ఈ మాటకే ఎక్కువ భయపడుతున్నాయి.

రెండోది స్టాండింగ్ ఆర్డర్స్. దీని గురించి గేట్ మీటింగుల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు, చప్పట్లు పడే టాపిక్ కాదు. కానీ నా లెక్కలో మీలాంటి వాళ్ళకి మొత్తం నాలుగు కోడ్‌లలో పెద్ద దెబ్బ ఇదే. 1946 నాటి చట్టం ప్రకారం వంద మంది దాటిన కంపెనీలో ఏది తప్పు, తప్పు చేస్తే ఎలా విచారించాలి, చార్జ్‌షీట్ ఎలా ఇవ్వాలి, సస్పెన్షన్‌లో ఉన్నవాడికి ఎంత ఇవ్వాలి, సెలవులు, షిఫ్టులు - ఇవన్నీ రాతపూర్వకంగా ఉండి లేబర్ శాఖ సర్టిఫై చెయ్యాలి. ఇప్పుడు అది కూడా 300కి పోయింది.

మా షాపులో ఒక టర్నర్ ఉండేవాడు, మనిషి కొంచెం నోటి దురుసు. సూపర్‌వైజర్‌తో గొడవ పడ్డాడని ఒక మధ్యాహ్నం గేటు పాస్ లాక్కుని పంపించేశారు. విచారణ అన్నారు కానీ చార్జ్‌షీట్‌కి సమాధానం చెప్పడానికి టైమివ్వలేదు, సాక్షులను అడగనివ్వలేదు. లేబర్ కోర్టులో మా వకీలు వాదించింది ఒకే ఒక్క పాయింటు: మీ స్టాండింగ్ ఆర్డర్స్‌లో రాసుకున్న పద్ధతే మీరు పాటించలేదు కదా అని. ఆరేళ్ళు పట్టింది, కానీ ఉద్యోగంలోకి తిరిగి వచ్చాడు. ఆ స్టాండింగ్ ఆర్డర్స్ నల్ల అట్ట పుస్తకం లేకపోతే ఏం పట్టుకుని వాదించేవాళ్ళం?

ఇప్పుడు సమ్మె. పాత చట్టంలో నీళ్ళు, కరెంటు, రవాణా లాంటి ప్రజా అవసరాల సర్వీసులకే సమ్మె నోటీసు తప్పనిసరి. మామూలు ఫ్యాక్టరీని ఆ చట్టం నోటీసు అడగలేదు. కొత్త కోడ్‌లో అందరూ 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వినడానికి ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ వరుస చూడు. నోటీసు ఇస్తావు. ఆ 14 రోజుల్లోపు లేబర్ ఆఫీసర్ రెండు పక్షాలను పిలిచి మొదటి మీటింగ్ పెడతాడు. మీటింగ్ మొదలైతే కన్సిలియేషన్ (రాజీ చర్చలు) నడుస్తున్నట్టే, అది నడుస్తున్నంతకాలం, అయిపోయాక ఇంకో ఏడు రోజులూ సమ్మె నిషిద్ధం. అక్కడ తేలలేదంటే ఎవరో ఒకరు ట్రిబ్యునల్‌కి పోవచ్చు, ఆ ఒకరు మేనేజ్‌మెంట్ కూడా కావచ్చు. ట్రిబ్యునల్‌లో కేసు ఉన్నంతకాలం, అయ్యాక ఇంకో 60 రోజులూ మళ్ళీ నిషిద్ధం. ఇక సమ్మె చేసే రోజేది? సమ్మె హక్కు తీసేశామని ఎక్కడా రాయలేదు, నిజమే. ఊరి బావిలో నీళ్ళు అందరివీ అని చెప్పి చేద తీసేసినట్టు ఉంది. దీనికి తోడు సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధ సమ్మెకి పాత చట్టంలో జరిమానా 50 రూపాయల దాకా, ఇప్పుడు 1,000 నుంచి 10,000 దాకా. నెల రోజుల జైలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

జరిమానా కట్టలేక కాదు యూనియన్ల భయం. సమ్మె చట్టవిరుద్ధం అని ముద్ర పడితే మేనేజ్‌మెంట్ ఆ రోజుల జీతం కోసి, చార్జ్‌షీట్లు ఇచ్చి, ముందుండి నడిపిన నలుగురైదుగురిని ఏరి పారేస్తుంది. 2019లో తెలంగాణ ఆర్టీసీలో చూశాం కదా, కోడ్‌లు రాకముందే. 50 రోజులు దాటిన సమ్మె, దాదాపు 48 వేల మంది 'సెల్ఫ్ డిస్మిస్' అయిపోయారని ముఖ్యమంత్రే ప్రకటించారు. చట్టంలో అలాంటి మాటే లేదు. చివరికి అందరినీ తీసుకున్నారు కానీ ఆ మధ్యలో జీతాల్లేక ఇళ్ళల్లో పడ్డ బాధ, పోయిన ప్రాణాలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

మంచి సంగతులు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ గేటు ఉపన్యాసం ఇచ్చినట్టే. అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ అన్నది మేలే, నా మొదటి నాలుగేళ్ళు నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క సెటిల్ చెయ్యాలన్నది మేలే, అమలైతే. జీతంలో అలవెన్సులు సగం దాటితే ఆ పైది కూడా వేతనం కిందే లెక్కేసి పీఎఫ్, గ్రాట్యుటీ కట్టాలన్నది యూనియన్లు ఎప్పటినుంచో అడుగుతున్నదే. అన్ని యూనియన్లదీ ఒకే మాట అనుకోవద్దు. బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్) వేతనాల కోడ్‌ను, సామాజిక భద్రత కోడ్‌ను స్వాగతించింది, మిగతా రెండింటి మీదే అభ్యంతరాలు చెప్పింది. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, హెచ్ఎంఎస్ లాంటి మిగతా కేంద్ర సంఘాలు నాలుగూ వద్దంటాయి. 2025 జులై 9 సమ్మెలో కూడా ఈ తేడా కనిపించింది.

ఏడాదికే గ్రాట్యుటీ అని మీ హెచ్‌ఆర్ చెప్పింది ఎవరికో గమనించావా? ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి. నీకు కాదు, నీకు పాత ఐదేళ్ళే. ఫిక్స్‌డ్ టర్మ్ అంటే ఏడాదికో రెండేళ్ళకో రాసుకుని చేర్చుకోవడం, గడువు అయిపోతే అది తొలగింపు కింద రాదు, నోటీసు లేదు, రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగుల తగ్గింపు) పరిహారం లేదు. ఉన్నంతకాలం పర్మినెంట్ వాడితో సమానంగా జీతం, సదుపాయాలు ఇవ్వాలి అంటుంది కోడ్, బాగుంది. కానీ ఎన్నిసార్లు రెన్యువల్ చెయ్యొచ్చో, ఎప్పటికీ ఉండే పనికి ఇలా పెట్టుకోవచ్చో లేదో ఏమీ చెప్పలేదు. పదకొండో నెలలో ఉన్నవాడు యూనియన్ రసీదు పుస్తకం మీద సంతకం పెడతాడా? వాడి కళ్ళు రెన్యువల్ కాగితం మీదే ఉంటాయి. రేపు మీ 240 మందిలో రిటైరయ్యే ప్రతి ఒక్కరి స్థానంలో ఇలాంటి కుర్రాడే వస్తాడు. ఎవరినీ తీసెయ్యకుండానే పదేళ్ళలో యూనియన్ దానంతట అదే ఖాళీ అవుతుంది.

కాంట్రాక్ట్ లేబర్ సంగతికొస్తే మన వాళ్ళకి దీనితో సంబంధం ఎక్కువ. కోర్ పని (కంపెనీ అసలు పని), నాన్-కోర్ పని అనే విభజన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణలోనే ఉంది, ఇప్పుడు దేశమంతటికీ అదే పద్ధతి. కోర్ పనిలో కాంట్రాక్ట్ పెట్టకూడదు అంటుంది కోడ్. ఆ వెంటనే మినహాయింపులు: మామూలుగా కాంట్రాక్టర్‌తోనే చేయించే పని అయితే పెట్టొచ్చు, పని హఠాత్తుగా పెరిగితే పెట్టొచ్చు, రోజంతా మనిషి అక్కర్లేని పని అయితే పెట్టొచ్చు. ఇన్ని కన్నాలున్న జల్లెడలో ఏం నిలుస్తుంది? పాత కేంద్ర చట్టంలో 20 మంది దాటితే వర్తించేది, ఇప్పుడు 50. మా కంపెనీలో ఒకే కాంట్రాక్టర్ తన పేరు మీద ఒకటి, భార్య పేరు మీద ఒకటి, బావమరిది పేరు మీద ఒకటి ఫర్ములు పెట్టి మనుషుల్ని ఏడాదికోసారి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేవాడు, సర్వీసు ఎప్పుడూ మొదటి ఏడాదే. అతనికి ఇప్పుడు 49 చొప్పున పంచుకోవడం పెద్ద పని కాదు. కోర్టు దారి కూడా 2001లోనే ఇరుకైంది. స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు కాంట్రాక్ట్ నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు దానంతట అదే కంపెనీ ఉద్యోగులు అయిపోరు అని చెప్పింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా యూనియన్‌లో కాంట్రాక్ట్ వాళ్ళకి సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని చాలా ఏళ్ళు వాదించుకున్నాం, చివరికి ఇచ్చింది నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందే. పర్మినెంట్ వాళ్ళ వేతన ఒప్పందంలో కాంట్రాక్ట్ వాళ్ళ గురించి ఒక్క క్లాజు లేకుండా సంతకాలు పెట్టిన రోజులున్నాయి, అందులో నా సంతకమూ ఉంది. కొత్త కోడ్‌లో 51 శాతం మద్దతున్న యూనియన్‌నే యజమాని ఏకైక చర్చల సంఘంగా గుర్తించాలి, ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికో సీటు చొప్పున కౌన్సిల్. యూనియన్ రిజిస్టర్ చేసుకునే హక్కు 1926 నుంచి ఉన్నా దాన్ని గుర్తించాలని కేంద్ర చట్టం ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఇది ఒక రకంగా ముందడుగే. కానీ ఆ శాతాలు కూడా మస్టర్ రోల్ మీదే! మీ 400 మందికి అక్కడా లెక్కలో చోటు లేదు. సింగరేణిలో రహస్య ఓటింగ్‌తో గుర్తింపు ఎన్నికలు జరుగుతున్నాయి, 2023 డిసెంబరులో కూడా జరిగాయి, మంచి పద్ధతి. అక్కడా కాంట్రాక్ట్ కార్మికుడు ఓటరు కాదు.

లెక్కలోనే లేనివాళ్ళు ఇంకో రకం ఉన్నారు. 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అమ్మలు 42 రోజులు సమ్మె చేశారు. వాళ్ళకి ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట, వాళ్ళు కార్మికులు కారట. మరి సమ్మె మధ్యలో వాళ్ళ మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించారు. జీతం అడిగితే వాలంటీరు, సమ్మె చేస్తే అత్యవసర సిబ్బంది. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పిచ్చింది. అయినా కోడ్‌లలో వీళ్ళని, ఆశా వర్కర్లని కార్మికులుగా రాయలేదు. గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ లాంటి పనులు చేసేవాళ్ళ) పేరు మాత్రం మొదటిసారి చట్టంలోకి వచ్చింది, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలి. కనీస వేతనం, పని గంటలు మాత్రం వాళ్ళకి లేవు, ఎందుకంటే వాళ్ళూ నిర్వచనం బయటే.

కనీస వేతనం గురించి ఎక్కువ చెప్పను. 1957లో పదిహేనో లేబర్ కాన్ఫరెన్సే లెక్క చెప్పింది: మనిషికి 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు. సుప్రీంకోర్టు తర్వాత చదువు, వైద్యం లాంటి వాటికి ఇంకో 25 శాతం కలపమంది. ఈ సూత్రాన్ని చట్టంలోనే రాయండి అని యూనియన్లు అడిగాయి, రాయలేదు. ప్రభుత్వం వేసిన కమిటీయే 2019లో రోజుకి 375 రూపాయలు ఉండాలంది, అదే ఏడాది ప్రకటించిన జాతీయ ఫ్లోర్ వేతనం (దేశమంతటికీ కనీస హద్దు) 178.

భద్రత విషయం మాత్రం వదలలేను. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-జి అని చేర్చారు. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ప్రతి ఫ్యాక్టరీలో, ఎంతమంది ఉన్నా సరే, కార్మికులు మేనేజ్‌మెంట్ సమానంగా ఉండే సేఫ్టీ కమిటీ ఉండాలి. కొత్త కోడ్‌లో ప్రభుత్వం ఆదేశిస్తేనే కమిటీ. సేఫ్టీ ఆఫీసరును పెట్టాల్సిన సంఖ్య వెయ్యి నుంచి 500కి తగ్గింది, అది మంచిదే, కానీ ఆఫీసరు మేనేజ్‌మెంట్ మనిషి. ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయింది, ఎక్కడికి పోవాలో కంప్యూటర్ చెబుతుంది. అచ్యుతాపురంలో 2024 ఆగస్టులో 17 మంది, పాశమైలారంలో 2025 జూన్ 30న పేలుడులో 54 మంది పోయారు. పాశమైలారంలో పోయినవాళ్ళలో చాలామంది బీహార్, ఒడిశా వైపు నుంచి వచ్చిన పిల్లలు. లోపల ఎవరెవరున్నారో తేల్చడానికే రోజులు పట్టింది. కోడ్‌లు అప్పటికి అమల్లోకి రాలేదు, పాత చట్టమే ఉంది, కాబట్టి పాతది బంగారం అని నేను అనను. ఆ పాతదాన్ని అమలు చెయ్యకుండా వదిలేసి, ఇప్పుడు ఉన్న పట్టు కూడా సడలిస్తే ఎలా అన్నదే ప్రశ్న.

నువ్వు చేయగలిగింది చెబుతాను. మీ స్టాండింగ్ ఆర్డర్స్ సర్టిఫైడ్ కాపీ యూనియన్ ఆఫీసులో ఉందో లేదో ఈ వారమే చూడు, లేకపోతే లేబర్ ఆఫీసు నుంచి తీసుకోండి. మీ పాత 12(3) ఒప్పందాలు (లేబర్ ఆఫీసర్ ముందు చేసుకున్నవి), 18(1) ఒప్పందాలు (మేనేజ్‌మెంట్‌తో నేరుగా చేసుకున్నవి) అన్నీ ఒక ఫైల్ చెయ్యండి. వచ్చే చార్టర్ ఆఫ్ డిమాండ్స్‌లో (యూనియన్ ఇచ్చే కోరికల పత్రంలో) జీతం పెంపుతో పాటు రెండు క్లాజులు పెట్టించండి: సంఖ్య ఎంతైనా ఇప్పుడున్న స్టాండింగ్ ఆర్డర్స్ కొనసాగుతాయి అని ఒకటి, ఖాళీ అయిన పర్మినెంట్ పోస్టులో ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళని పెట్టకూడదు అని ఇంకొకటి. చట్టం వదిలేసిన దాన్ని ఒప్పందంలో రాయించుకోవచ్చు. దానికి జీతంలో వెయ్యి తగ్గినా పరవాలేదు అంటాను నేను, మీ వాళ్ళు నన్ను తిడతారనుకో.

ఇంకో తొందర ఉంది. ఎవరినైనా తీసేస్తే వ్యక్తిగతంగా కేసు వెయ్యడానికి ఇంతకుముందు మూడేళ్ళు గడువు ఉండేది, ఇప్పుడు రెండేళ్ళే. లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి 45 రోజులు చూసి నేరుగా ట్రిబ్యునల్‌కి పోవచ్చు. పెద్దమనుషులతో మాట్లాడుతున్నాం అని కాలం గడపొద్దు.

మీ హెచ్‌ఆర్‌ని వచ్చే మీటింగ్‌లో ఒక్కటి అడుగు, మర్యాదగానే: గత 12 నెలల్లో రోజుకి సగటున ఈ ఆవరణలో ఎంతమంది పని చేశారు, కాంట్రాక్ట్ వాళ్ళతో కలిపి ఎంత, కలపకుండా ఎంత, ఎంతమంది కాంట్రాక్టర్లు, ఒక్కొక్కరి కింద ఎందరు అని. రాతపూర్వకంగా ఇమ్మను. ఇస్తే ఆ అంకెలు ఇక్కడ పెట్టు, పేర్లు వద్దు, చూసి చెబుతాను. ఇవ్వకపోతే క్యాంటీన్ టోకెన్ల లెక్క, ఈఎస్‌ఐ లెక్క పట్టుకోండి, మేమూ అలాగే పట్టుకున్నాం.